కంప్రెసర్ పాడైంది.. ‘మెయింటెనెన్స్ సరిగా చేయలేదు’ అంటున్నారు

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తోంది. సిలిండర్‌లో గాలి నింపడానికి ఆన్‌లైన్‌లో 32,000 రూపాయలు పెట్టి చిన్న హైప్రెషర్ కంప్రెసర్ కొన్నాను. ఏడాది వారంటీ. ఏడో నెలలో పిస్టన్ పట్టేసింది. రైఫిల్ సర్వీసుకిస్తే సిలిండర్‌లో నీళ్లు చేరి, వాల్వ్ తుప్పు పట్టిందన్నారు. కంప్రెసర్‌లో చేరిన నీళ్లు వదల్లేదు, ఫిల్టర్ మార్చలేదు, వేరే ఆయిల్ పోశారు కాబట్టి వారంటీ లేదని కంపెనీ అంటోంది. నీళ్లు ప్రతిసారీ వదిలాం. ఫిల్టర్ మార్చాలని మాన్యువల్‌లో లేదు. ఒకసారి బైక్ షాపు ఆయిల్ పోసిన మాట నిజం. తెలిసినవాళ్ల పిల్లలిద్దరికి గాలి నింపి, కరెంటు ఖర్చుకని 50 రూపాయల చొప్పున తీసుకున్నాను. అమ్మాయి డైరీ తప్ప రికార్డు లేదు. కేసు వేయొచ్చా? వేస్తే రైఫిల్‌కు లైసెన్స్ అడుగుతారని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: వేయొచ్చు. ముందు ఒక్క పని చేయండి: ఆ మెషిన్‌ను ఎవరి చేతా విప్పించకండి. మీకు బాగా తెలిసిన మెకానిక్ అయినా సరే. ఒక్క బోల్టు కదిలినా ‘మీరే పాడుచేశారు’ అనే మాట వాళ్ల నోటికి వస్తుంది. ఉన్నది ఉన్నట్టు ఫొటోలు, వీడియో తీసి, అట్టపెట్టెలో పెట్టి దాచండి. ఆ పెట్టెను కూడా పారేయకండి. విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్న సంస్థ పేరు, చిరునామా దాని మీదే ఉంటాయి. నోటీసు పంపాల్సింది ఆ చిరునామాకే.

మీరు పంపిన డైరీ పేజీల ఫొటోలు చూశాను. తేదీ, ‘200 బార్’ అని గాలి ఒత్తిడి కొలత, పక్కనే ‘నీళ్లు తీశాం’ అని మీ అమ్మాయి ప్రతిసారీ రాసింది. రికార్డు లేదని మీరెందుకు బాధపడుతున్నారో నాకు అర్థం కాలేదు. కేసు వస్తుందని తెలియని రోజుల్లో, ఏ రోజుది ఆ రోజు రాసుకున్న రాత ఇది. ఇప్పుడు కూర్చుని తయారుచేసే ఏ కాగితానికీ ఇంత విలువ రాదు. ఒక పేజీలో నీటి చుక్క పడి నీలం ఇంకు అలుక్కుపోయింది. దాన్ని మళ్లీ శుభ్రంగా రాయించకండి, దిద్దించకండి. అసలు డైరీ అలాగే ఉండాలి.

ఇక మీది ఒక కేసు కాదు, రెండు. వాటి బలం ఒకేలా లేదు.

రైఫిల్ వాల్వ్ తుప్పు సంగతి ముందు చూద్దాం. 30 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటిని ఆవిరిగా పట్టుకోగలదు. 200 మిల్లీలీటర్ల సిలిండర్‌ను 200 బార్‌కు నింపాలంటే దాదాపు 40 లీటర్ల బయటి గాలిని నొక్కిపెట్టాలి. మన తీరప్రాంతపు ఉక్క రోజుల్లో అందులో గ్రాము దాకా, అంటే 20 చుక్కల నీరు ఉంటుంది. కొంత నీటిని కంప్రెసర్ వాల్వ్ తిప్పి బయటికి వదులుతాం, మిగిలిన తేమను ఫిల్టర్ ఆపాలి. ఆ ఫిల్టర్‌ను ఎన్నాళ్లకు మార్చాలో చెప్పని మాన్యువల్ ఇచ్చి, ఇప్పుడు మార్చలేదని నింద వేయడం చెల్లదు. సరైన వాడకానికి తగిన సూచనలు ఇవ్వకపోవడం వల్ల నష్టం జరిగితే తయారీదారుదే బాధ్యతని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. ఆ వస్తువు వల్ల మీ మరో వస్తువు పాడైనా అది నష్టమే. తయారీదారు విదేశంలో ఉండి నోటీసు అందించలేకపోతే అమ్మినవారిని బాధ్యులను చేసే వీలు 86వ సెక్షన్‌లో ఉంది. మాన్యువల్‌లోని ప్రతి పేజీకీ కాపీ జతచేయండి.

పిస్టన్ పట్టేసిన విషయంలో మాత్రం మీ కేసు అంత గట్టిది కాదు. కంప్రెసర్‌కు చెప్పిన ఆయిలే పోయాలి. ఈ ప్రెషర్ దగ్గర పుట్టే వేడికి మామూలు ఆయిల్ అంటుకునే ప్రమాదం కూడా ఉంది, ఇకపై ఎప్పుడూ పోయకండి. ఈ సంగతి ఫిర్యాదులో దాచొద్దు. అవతలివాళ్లు బయటపెడితే డైరీ మీద ఉన్న నమ్మకమూ పోతుంది. ఎప్పుడు, ఎంత పోశారో మీరే రాయండి. ఆ ఆయిల్ వల్లే పట్టేసిందా, పిస్టన్ సీల్‌లోనే లోపముందా అన్నది పరీక్షలో తేలాలి. మెషిన్‌ను సీల్ చేసి ల్యాబ్‌కు పంపాలని అదే చట్టం 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్‌ను కోరండి. ఫీజు ముందుగా మీరే కట్టాలి.

50 రూపాయల గురించి దిగులు వద్దు. కొన్నది ప్రధానంగా దేనికోసమన్నదే లెక్క. వ్యాపారానికే కొన్నారని వాదించేవాళ్లే దాన్ని నిరూపించాలని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. రైఫిల్ సంగతీ అంతే. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. 10 మీటర్ల పోటీ రైఫిళ్లు ఆ హద్దులోపే ఉంటాయి.

కంపెనీ ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు, లాయర్‌ను పెట్టుకోవడమూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. అంతవరకూ ఆగకుండా ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు చూడండి. కంపెనీ పంపిన మెయిళ్లను ప్రింట్ తీసి, అవి అసలైనవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో జతచేయండి.

నీళ్లు చేరిన ఆ సిలిండర్‌లో మాత్రం మళ్లీ గాలి నింపకండి. వాడే గడువు దాటిందేమో, దాని మీది తయారీ తేదీ చూడండి. రైఫిల్ కంపెనీ సర్వీసు సెంటర్‌లో లోపల పరీక్ష చేయించి, పనికొస్తుందని రాతపూర్వకంగా ఇచ్చాకే అమ్మాయి చేతికివ్వండి. పనికిరాదంటే ఆ కాగితాన్ని, కొత్త సిలిండర్ బిల్లును ఫిర్యాదుకు జతచేయండి.