75 గంటలా, 120 గంటలా అన్నది తర్వాత. ముందు చొక్కా తొడగమనండి

"అమెరికాలో హోమ్ హెల్త్ ఎయిడ్‌గా, అంటే ఇంటికొచ్చి రోగికి స్నానం, బట్టలు చూసే మనిషిగా చేరడానికి 75 గంటల ట్రైనింగ్ చాలట, మరీ తక్కువ కాదూ? మా నాన్నగారికి ఒకర్ని పెట్టుకోవాలి, ఏం చూసి పెట్టుకోవాలి?" అని అడిగారు కదా. గంటల గొడవ మీద నాకు పెద్ద పట్టింపు లేదండీ. మేముండేది న్యూజెర్సీలో. ఇక్కడ 76 గంటల కోర్సు, నర్సుల లైసెన్సులు చూసే రాష్ట్ర బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఇచ్చే సర్టిఫికెట్, వేలిముద్రలు తీసుకుని పాత కేసులేమైనా ఉన్నాయా అని చూడటం, అన్నీ ఉన్నాయి. అవన్నీ దాటొచ్చిన అమ్మాయే మా మామయ్యగారి చేత చావుకేక పెట్టించింది.

ఆయనకి స్ట్రోక్ వచ్చి ఎడమ పక్క పడిపోయింది. రీహాబ్ నుంచి ఇంటికొచ్చాక ఏజెన్సీ పంపిన మొదటి అమ్మాయి మంచిదే. టైముకొచ్చింది, చేతులు కడుక్కుంది, గ్లవ్స్ వేసుకుంది, స్నానం కూడా శుభ్రంగా చేయించింది. తంటా అంతా చొక్కా దగ్గరొచ్చింది. బాగున్న కుడి చేతిని ముందు దూర్చేసింది. దాంతో చొక్కా వీపు మీద బిగిసిపోయింది. ఇక ఎడమ చెయ్యి వెనక్కి తిరిగి ఆ సందులోకి రావాలి. పడిపోయిన చెయ్యి ఎలా వస్తుంది? మణికట్టు పట్టుకుని లాగింది. స్ట్రోక్ తర్వాత ఆ భుజం చుట్టూ కండరాలకి పట్టుండదు, లాగితే కీలు జారే ప్రమాదం ఉంది. మామయ్యగారి కేకకి వంటింట్లోంచి అత్తయ్య గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చారు.

తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. అంతే విషయం. "క్లాసులో చెప్పలేదా అమ్మా?" అంటే చెప్పారంది. బొమ్మ మీద చేసి చూపించి పాసయిందట. అందులో తప్పేం లేదు, మెడికేర్ (పెద్దవాళ్ళకి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) వాళ్ళే 2019లో నిబంధన మార్చి, నిజం రోగి బదులు రోగిలా నటించే మనిషి మీదగానీ, బొమ్మ మీదగానీ పరీక్ష పెట్టొచ్చన్నారు. బొమ్మ చెయ్యి ఎటు లాగితే అటొస్తుంది. అది కేకెయ్యదు.

తర్వాత వచ్చినావిడది ఘానా. ఆవిడదీ ఇదే సర్టిఫికెట్. లోపలికి రాగానే అడిగిన మొదటి మాట, "ఏ పక్క?" మామయ్యగారి ఎడమ పక్కన మంచం మీద కూచుంది. చొక్కా చేతిని మడతలు మడతలుగా తన చేతికి ఎక్కించుకుని, అందులోంచే ఆయన వేళ్ళందుకుని, గాజులమ్మే ఆవిడ గాజెక్కించినంత ఒడుపుగా భుజం దాకా పాకించేసింది. ఆ తర్వాతే వీపు, ఆ తర్వాతే కుడి చెయ్యి. ఆయన టీవీలోంచి తల తిప్పలేదు. ఎక్కడ నేర్చుకున్నావంటే, మొదట పనిచేసిన నర్సింగ్ హోమ్‌లో ఒక పెద్ద నర్సు పక్కనే నించుని ప్రతిదీ చూసేదట, తప్పు చేస్తే అక్కడికక్కడే ఆపేదట.

నేను చెప్పేదల్లా ఇదే. పక్కన నించుని చూసేవాళ్ళు లేకపోతే ఎన్ని గంటలు కూచోబెట్టినా దండగ. 1987లో అమెరికా కేంద్ర ప్రభుత్వం చేసిన చట్టం తర్వాత వచ్చిన 75 గంటల నిబంధనని కనీసం 120కి పెంచమని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే నిపుణుల సంస్థ 2008లోనే సిఫార్సు చేసింది. కేంద్రం నిబంధన ఇంకా అక్కడే ఉంది. కాలిఫోర్నియా 120 పెట్టుకుంది. అదే కాలిఫోర్నియాలో గోళ్ళకి రంగేసే లైసెన్సుకి 400 గంటలు! నవ్వొస్తుంది నిజమే. కానీ బొమ్మ మీదే అయితే ఎయిడ్‌కి కూడా 400 పెట్టినా మా ఇంట్లో జరిగేది అదేనని బల్లగుద్ది చెప్తాను.

పర్యవేక్షణ లేదా అంటే ఉంది, కాగితం మీద. నర్సింగో థెరపీయో నడుస్తున్న ఇంటికి మెడికేర్ కింద పనిచేసే ఏజెన్సీ 14 రోజులకోసారి నర్సునో థెరపిస్టునో పంపాలి. బానే ఉంది కదా అనుకుంటాం. ఆ వచ్చినప్పుడు ఎయిడ్ అక్కడ ఉండక్కర్లేదు! "అంతా బావుందా అంకుల్" అని అడిగి, ట్యాబ్లెట్‌లో టిక్కు పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. ఎయిడ్ పని చేస్తుండగా కళ్ళారా చూడాల్సింది ఏడాదికోసారి. ఇంకో సంగతి, నర్సింగ్, థెరపీ రెండూ ఆగిపోయాయంటే మెడికేర్ ఎయిడ్‌ని కూడా ఆపేస్తుంది. థెరపీ అయిపోతే మనిషి తన చొక్కా తనే తొడుక్కుంటాడని వాళ్ళ లెక్క కాబోలు. అప్పట్నుంచీ మా జేబులోంచే.

జేబు అంటే గుర్తొచ్చింది. ఏజెన్సీ మా దగ్గర తీసుకునేదాంట్లో ఎయిడ్ చేతికి వెళ్ళేది సగం. దేశం మొత్తం మీద 2024లో వీళ్ళ సగటు సంపాదన గంటకి 17 డాలర్ల లోపే. కేంద్ర చట్టం ఇచ్చే కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఏజెన్సీ ఎయిడ్లందరికీ వర్తించిందే 2015లో, దాన్ని కూడా వెనక్కి తీసుకుంటామని 2025లో లేబర్ డిపార్ట్‌మెంట్ ప్రతిపాదన పెట్టింది. ఇక ఒడుపు తెలిసినవాళ్ళు ఈ పనిలో ఎందుకుంటారు?

మనవాళ్ళ సంగతీ చెప్పాలి. వాట్సాప్ గ్రూపుల్లో చూస్తుంటాను, "నాన్నగారికి కేర్‌గివర్ కావాలి, తెలుగొచ్చి ఉండాలి, వెజిటేరియన్ అయితే మంచిది, కాస్త వంట కూడా." పప్పు పోపు వచ్చా అని అడుగుతారు, మంచం మీంచి వీల్‌చైర్‌లోకి ఎలా దింపుతావని ఒక్కరూ అడగరు. చేతికి క్యాష్ ఇచ్చేస్తారు. 2025లో ఒక మనిషికి ఏడాదిలో 2,800 డాలర్లు, ఆపైన ఇస్తే సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టాల్సింది మనమే. ఆవిడ నడుం పట్టేస్తే ఎవరు చూస్తారో అన్న ఆలోచన కూడా ఉండదు.

మీ ప్రశ్నకొస్తే, సర్టిఫికెట్ బోర్డు వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి, రెండు నిమిషాల పని. ఏజెన్సీని మాత్రం గట్టిగా అడగాల్సింది వేరే. మొదటి రోజు ఎయిడ్‌తో పాటు నర్సు వస్తుందా? వస్తే ఆవిడ మాటలు చెప్పి వెళ్తుందా, ఎయిడ్ చేస్తుంటే నించుని చూస్తుందా? స్నానం, మంచం మీంచి దింపడం, బట్టలు, ఈ మూడూ మీ నాన్నగారికే, మీ బాత్‌రూమ్‌లోనే చేయించి చూడమనండి. మా బాత్‌రూమ్‌లో పట్టుకుని లేచే కడ్డీ (గ్రాబ్ బార్) ఎడమ పక్కనుంది, మామయ్యగారికి ఎందుకూ పనికిరాదు. ఇలాంటివి ఏ కోర్సులోనూ ఉండవు.

నర్సు వచ్చే లోపు మీరూ ఒకటి చెయ్యొచ్చు. వచ్చినావిడ చేతికి ఒక చొక్కా ఇచ్చి, మీ ఎడమ చెయ్యి వేలాడేసి, తొడగమనండి. ఏ చెయ్యి ముందు పట్టుకుంటుందో చూడండి. వీల్‌చైర్ ఇచ్చి మంచం పక్కన పెట్టమనండి. బాగున్న పక్కకి పెట్టి, బ్రేకులు వేసి, ఫుట్‌రెస్టులు పక్కకి తీసిందంటే ఇంకేం అడక్కుండా పెట్టుకోండి. వంట మీరు చేసుకోవచ్చు. మొదటి రోజు నర్సుని పంపడం మా పద్ధతి కాదని ఏజెన్సీ అంటే ఇంకో చోటికి ఫోన్ చెయ్యండి. అన్నట్టు శని, ఆదివారాలు వచ్చే మనిషి వేరే ఉంటుంది. ఆవిడకీ చొక్కా ఇవ్వండి.