సైలోసైబిన్ శిబిరానికి వెళ్తే బృందం పట్ల దయ పెరుగుతుందా?

ప్రశ్న: నేను అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, హిల్స్‌బరోలో ఒక ఇంజనీరింగ్ బృందానికి మేనేజరును. హెచ్1బీ వీసా మీద ఉన్నాను, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నాను. ఇటీవలి సర్వేలో నేను కఠినంగా మాట్లాడతానని, ఎదుటివారి ఇబ్బంది పట్టించుకోనని మా బృందం వారు రాశారు. కంపెనీ నియమించిన లీడర్‌షిప్ కోచ్ నన్ను ఒక వారాంతపు శిబిరానికి రమ్మంటున్నారు. అక్కడ మేజిక్ మష్రూమ్స్ అనే మత్తు పుట్టగొడుగులలో ఉండే సైలోసైబిన్‌ను చట్టబద్ధంగానే ఇస్తారట, దానితో అహం కరిగి కరుణ గల నాయకుడినవుతానట. ఖర్చు కంపెనీదే. మా బాబాయికి బైపోలార్ డిజార్డర్ (ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే మానసిక వ్యాధి) ఉంది గాని నాకు ఏ జబ్బూ లేదు. వెళ్లమంటారా?
– ఒక పాఠకుడు, హిల్స్‌బరో

జవాబు: మీరు లేఖ చివర యథాలాపంగా రాసిన బాబాయి గారి మాటతోనే జవాబు మొదలుపెట్టవలసి ఉంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో సైలోసైబిన్ మీద పరిశోధించినవారు, వాలంటీరు ఎంత ఆరోగ్యంగా ఉన్నా, అతని తల్లిదండ్రులకో తోబుట్టువులకో, చివరకు తాతలకో, బాబాయిలకో, మేనమామలకో స్కిజోఫ్రెనియా గాని బైపోలార్ గాని ఉంటే అతన్ని పక్కన పెట్టాలని తమ భద్రతా నియమాలలో రాసుకున్నారు. లోపల నిద్రాణంగా ఉన్న వ్యాధి ఈ పదార్థంతో బయటపడవచ్చునన్నది వారి భయం. ఒరెగాన్ నిబంధనలు అంత కఠినమైనవి కావు. 2020 నవంబరులో ప్రజల ఓటుతో ఆమోదం పొంది, 2023లో కేంద్రాలు తెరుచుకున్న ఆ విధానంలో, 21 ఏళ్లు నిండినవారు డాక్టరు చీటీ లేకుండానే లైసెన్సు ఉన్న సహాయకుడి సమక్షంలో సైలోసైబిన్ తీసుకోవచ్చు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం మందు వాడుతున్నవారిని, సైకోసిస్‌తో (వాస్తవానికీ భ్రమకూ తేడా తెలియని స్థితితో) బాధపడుతున్నవారిని ఆపుతారు గాని, కుటుంబ చరిత్ర ఉన్నంత మాత్రాన ఆపి తీరాలని లేదు. పరిశోధకులు వెనక్కి పంపే మనిషిని శిబిరం లోపలికి పిలుస్తున్నదన్న మాట. మిగతా లాభనష్టాలు బేరీజు వేయకుండానే మీకు వద్దని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

వీసా సంగతి రెండవది. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం సైలోసైబిన్‌ను ఇంకా అత్యంత కఠిన నిషేధం ఉన్న మాదకద్రవ్యాల జాబితా అయిన షెడ్యూల్ 1లోనే ఉంచింది, వలస వ్యవహారాలు నడిచేదేమో ఫెడరల్ చట్టం ప్రకారం. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలోనో ఇంటర్వ్యూలోనో ఈ ప్రశ్న ఎదురైతే నిజం చెప్పినా చిక్కే, అబద్ధం చెబితే అంతకంటే పెద్ద చిక్కు. ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా ఇలాంటి అడుగు వేయకూడదు. మన దేశంలోనైతే 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) కింద ఇది నేరమే.

అయినా మీరు అడిగిన అసలు విషయానికి జవాబు చెప్పాలి, ఎందుకంటే కోచ్ మాట పూర్తిగా గాలి కబురు కాదు. హాప్కిన్స్‌లో రోలాండ్ గ్రిఫిత్స్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో 75 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. అందరూ ధ్యానం, డైరీ రాయడం వంటి సాధనలు చేశారు; కొందరికి నామమాత్రపు మోతాదు, మిగతావారికి పెద్ద మోతాదు ఇచ్చారు. ఆరు నెలల తరువాత పెద్ద మోతాదు తీసుకున్నవారిలో కృతజ్ఞత, క్షమ, ఇతరులతో దగ్గరితనం గణనీయంగా పెరిగినట్లు కనిపించింది. వారిని ఎరిగిన బంధుమిత్రులు, సహోద్యోగులు కూడా మార్పు ఉందన్నారు. దీనిని తేలికగా తీసిపారేయలేము. అయితే వారు వారాంతపు శిబిరానికి వచ్చినవారు కారు, నెలల తరబడి సాధన చేసినవారు. పెద్ద మోతాదు తీసుకున్నవారిలోనే ఒక బృందానికి సుమారు ఏడు గంటల తోడ్పాటు, మరొక బృందానికి 35 గంటల తోడ్పాటు లభించగా, రెండవ బృందానికే అనేక అంశాలలో ఎక్కువ మేలు జరిగింది. పైగా అంత పెద్ద మోతాదు తీసుకున్న మనిషికి తాను తీసుకున్నదేమిటో తెలిసిపోతుంది గనుక, ఆశించినదే అనుభవానికి వచ్చిందా అన్న సందేహం తీరదు. అన్నిటికీ మించి, ఒక అధికారి కింద పనిచేసేవారు అతని వల్ల పడే ఇబ్బంది తగ్గిందా అని ఆ అధ్యయనం అడగలేదు. మీ సర్వే అడిగినది అదే.

ఈ పదార్థాలు తమంతట తామే కరుణను పుట్టించేవైతే, జపాన్‌లో ఓం షిన్రిక్యో అనే మత సంస్థ చరిత్ర మరోలా ఉండేది. ఆ సంస్థ దీక్షల పేరిట అనుచరులకు సైలోసైబిన్ లాంటిదే అయిన ఎల్‌ఎస్‌డీ అనే మత్తుపదార్థం ఇచ్చింది. అదే సంస్థ సభ్యులు 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువును వదిలారు. ఎల్‌ఎస్‌డీ వారిని హంతకులను చేసిందని నా వాదన కాదు. అలాంటి స్థితిలో మనసు చుట్టూ ఉన్న నమ్మకాలకు మరింత లొంగిపోతుంది. ఆ చుట్టూ ఉన్నది ఒక గురువు కావచ్చు, లాభాల లక్ష్యాలు గల కార్పొరేట్ శిబిరమూ కావచ్చు. మేనేజరుకు మరొక ప్రమాదం కూడా ఉంది: తన అహం కరిగిపోయిందని గట్టిగా నమ్మి తిరిగి వచ్చినవాడు తరువాతి విమర్శను వినడం కష్టం.

పతంజలి కూడా యోగసూత్రాలలోని కైవల్యపాదం మొదటి సూత్రంలోనే సిద్ధులు కలిగే మార్గాలలో ఔషధిని చేర్చాడని కోచ్ గారు రేపు మీతో అనవచ్చు. నిజమే, చేర్చాడు. కానీ ఆయన కరుణను అక్కడ చెప్పలేదు. సమాధిపాదం 33వ సూత్రంలో, సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రిని, దుఃఖంలో ఉన్నవారి పట్ల కరుణను భావన చేయమన్నాడు. భావన అంటే మళ్లీ మళ్లీ చేయవలసిన పని, ఒక మధ్యాహ్నంలో ముగిసేది కాదు.

ఆ పని మీకు మీ బృందమే అప్పగించింది. సర్వేలో వచ్చిన మాటలను సమావేశంలో వారి ముందు చదివి, వాటిలో మీరు మొదట మార్చుకోబోయే ఒక్క అలవాటును చెప్పండి. మూడు నెలల తరువాత, పేర్లు లేకుండా, ఆ ఒక్క దాని గురించే మళ్లీ అడగండి. మందు లేని సాధన కావాలనుకుంటే, ఒక మానసిక వైద్యుడిని అడిగి ఆయన సరేనన్నాక, పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లవచ్చు. గోయెంకా గారి సంప్రదాయంలో మైత్రీ భావన చివర నేర్పుతారు. అక్కడ కూడా దరఖాస్తులో మానసిక ఆరోగ్య చరిత్ర అడుగుతారు, దాచకండి.

కంపెనీ ఆహ్వానానికి మర్యాదగా కాదని చెప్పండి. కారణం వివరించనక్కరలేదు, ముఖ్యంగా బాబాయి గారి జబ్బు గురించి గాని వీసా గురించి గాని కోచ్‌కు రాయకండి. రేపు మీ బృందంలో ఎవరికైనా ఇలాంటి ఆహ్వానం వస్తే, వెళ్లకపోయినంత మాత్రాన వారి పదోన్నతికి అడ్డు రాదని మీరే ముందుగా చెప్పండి.