‘ఏకకాలంలో’ కాదు, వంతులవారీగా

సందేహం: పర్లాకిమిడిలో ఒడియా మాధ్యమం పిల్లలకు సాయంత్రాలు తెలుగులో కంప్యూటరు పాఠాలు చెబుతుంటాను. పాత పీసీల పాఠంలో మల్టీటాస్కింగ్‌ను ‘ఏకకాలంలో పలు పనులు చేయడం’ అనీ, మెమరీ ప్రొటెక్షన్‌ను ‘స్మృతి రక్షణ’ అనీ రాశాను. సరిపోతాయా?

సమాధానం: మొదటిది సగమే సరి. రెండోది మార్చాల్సిందే.

‘చదువుతూ తిన్నాడు’ అంటే రెండూ కలిసి జరిగాయి. ‘చదివి తిన్నాడు’ అంటే ఒకటి అయ్యాక ఒకటి. ఆనాటి పీసీలో ఉన్నది ఒంటి ప్రాసెసరు. దానికి ‘తూ’ చేతకాదు. ఒక ప్రోగ్రామును కాస్త నడిపి, ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకుని, మరోదాన్ని అందుకుంటుంది. మార్పు మరీ వేగంగా జరగడంతో మనకు కలిసి నడిచినట్టు కనిపిస్తుంది. అందుకని ‘వంతులవారీగా పలు పనులు నడపడం’ అని రాయండి. కాలవ నీటి వంతు మీ పిల్లలకు కొత్త కాదు గదా. తన వంతు కాగానే రైతే మడవ కట్టుకోవాలంటే అది విండోస్ 3.1 (1992) పద్ధతి: ఒక విండోస్ ప్రోగ్రాము లూపులో చిక్కి వంతు వదలకపోతే తక్కినవన్నీ ఎండాల్సిందే. కాలవ కాపలా చూసే లస్కరు వచ్చి కట్టేస్తే అది అమీగా అనే కంప్యూటరు (1985) పద్ధతి. అక్కడ లస్కరు పని క్రమం తప్పకుండా వచ్చే ఇంటరప్టుది, అంటే ప్రాసెసరు చేస్తున్న పనిని ఆపించే సంకేతానిది. వీటిని ‘ఇచ్చే వంతు’, ‘లాక్కునే వంతు’ అంటే చాలు. ‘సహకార బహుకార్యనిర్వహణ’ నోరు తిరగడానికే గాని పాఠానికి పనికిరాదు.

ఇక స్మృతి. తెలుగులో స్మృతి తప్పడమంటే సొమ్మసిల్లడం, ‘మెమరీ’నే ఉంచండి. ‘రక్షణ’ అంటే కరెంటు పోయినా ఫైలు పోకుండా చూడటమని పిల్లలు అనుకుంటారు. అసలు సంగతి, ఒక ప్రోగ్రాము మరోదాని చోట రాయకుండా అడ్డుకోవడం. డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే 8088 ప్రాసెసరులో ఆ అడ్డు లేదు. మెమరీ మొదటి 1,024 బైట్లలో 256 ఇంటరప్టులకు జవాబిచ్చే కోడు చిరునామాలుంటాయి, ఒక్కోదానికి 4 బైట్లు. సున్నా నుంచి లెక్కిస్తే కీబోర్డుది 9వ నంబరు, అంటే 36 నుంచి 39 దాకా ఉన్న బైట్లు. ఏదో ఒక ఆట ప్రోగ్రాము పొరపాటున అక్కడ చెత్త రాసిందా, కీబోర్డు మూగబోతుంది. కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కూడా ఆ దారినే రావాలి కనుక అదీ పనిచేయదు. స్విచ్చి ఆపడమే గతి. తర్వాతి ప్రాసెసర్లలో 80286 (1982) అడ్డు తెచ్చింది, 80386 (1985) 4,096 బైట్ల పేజీలవారీగా హద్దులు గీసింది; డాస్ మాత్రం వాటిని పట్టించుకోలేదు. ‘మెమరీ హద్దుల కాపలా’ అనండి.

వంతు ఉన్నచోటల్లా హద్దూ ఉంటుందని మాత్రం రాయకండి. అమీగా 68000 ప్రాసెసరుకు హద్దుల ఏర్పాటే లేదు. లాక్కునే వంతు ఉండి కూడా, ఒక్క ప్రోగ్రాము దారితప్పితే ‘గురు మెడిటేషన్’ అని ఎర్రటి అక్షరాలు చూపి యంత్రమంతా ఆగిపోయేది.