చిరకాల ప్రత్యర్థిపై గెలిస్తే కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మెరుగుపడినట్టేనా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ప్రత్యర్థిపై ఒక్క గెలుపు చూసి జట్టు మెరుగుపడిందని చెప్పలేం. ఒక మ్యాచ్ ఫలితం తారుమారు కావడానికి చేజారిన ఒక బంతి, గురి తప్పిన ఒక కిక్ చాలు. ఆట నిజంగా మారిందా అన్నది సీజన్ మొత్తం చూస్తేనే తెలుస్తుంది.

2024 నవంబర్ 30న మిషిగన్ యూనివర్సిటీ జట్టు 13-10తో తన చిరకాల ప్రత్యర్థి ఒహాయో స్టేట్‌ను వాళ్ల సొంత మైదానంలోనే ఓడించింది. డిఫెన్స్ అద్భుతంగా ఆడింది, ఆ ఘనత తీసేయలేం. కానీ ఆ రోజు మిషిగన్ పాస్‌లతో, అంటే బంతిని చేత్తో ముందుకు విసిరి, సాధించింది 62 గజాలే. ఒహాయో స్టేట్ రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే మూడు పాయింట్లు) పోగొట్టుకుంది. రెగ్యులర్ సీజన్‌ను మిషిగన్ 7 గెలుపులు, 5 ఓటములతో ముగించింది. ఓడిన ఒహాయో స్టేటేమో ఆ సీజన్ జాతీయ టైటిల్ గెలిచింది.

‘వాళ్లనే కొట్టాం, ఇక గాడిలో పడ్డట్టే’ అనుకోవడమే చాలామంది అభిమానులు పొరబడే చోటు.