కొబ్బరిపాల కొకీటోపై తెల్లటి పెచ్చు

ప్రశ్న: క్రిస్మస్‌కు కరీబియన్ దీవి ప్యూర్టోరికోవారు చేసుకునే కొకీటో అనే రమ్ము పానీయాన్ని మా కోనసీమ కొబ్బరిపాలతో చేసి ఫ్రిజ్‌లో పెడితే, తెల్లారేసరికి పైన తెల్లటి పెచ్చు కట్టింది. పాడైనట్టేనాండీ?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పాడు కాలేదండీ. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకుంటుంది కనుక, ముదురు కాయ తురిమి పిండిన చిక్కటి తొలిపాలలోని కొవ్వే పైకి తేలి అలా గట్టిపడింది. సీసాను కాసేపు బయట ఉంచి బాగా కుదిపితే కలిసిపోతుంది. అయితే ఇంట్లో పిండిన పాలు డబ్బాపాలలా నిలవ ఉండవు కాబట్టి, రమ్ము, కండెన్స్‌డ్ మిల్క్, దాల్చినచెక్క పడ్డా సరే, రెండు రోజుల్లో ముగించడం మేలు. పులిసిన వాసన వస్తే, ఖరీదైన రమ్ము పోసామే అని చూడకుండా పారబోయండి. అక్కడివారు జనవరి 6న వచ్చే ముగ్గురు జ్ఞానుల పండుగ దాకా దీన్ని చిన్న గ్లాసుల్లో, చల్లగా అందిస్తారు. పిల్లల వాటా మాత్రం రమ్ము కలపకముందే తీసి పక్కన పెట్టండి.