చివరి వంద ఎక్కడ పెట్టాలి?

ఇంటి ఖర్చు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం నలుగురం. రేషన్ బియ్యం వస్తున్నాయి. మిగతా సరుకులు, పాలు, కూరగాయలకు నెలకు 7,000 తీసి పెడుతున్నాను. చవక చూసే కొంటున్నా, ఇరవయ్యో తేదీకల్లా చేతులెత్తేస్తున్నాం. తేడా ఎక్కడొస్తోంది?
– గృహిణి, బోరబండ

జవాబు: మనిషికి 6 కిలోల చొప్పున 24 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి కాబట్టి బియ్యం జోలికి పోనక్కర్లేదు. మీరు ధర చూస్తున్నారు, తూకం చూడటం లేదేమో. ముందు నూనె ప్యాకెట్ తిప్పి చూడండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె బరువు సుమారు 910 గ్రాములు. పక్కనే అదే సైజులో కనిపించే ప్యాకెట్ మీద 850 గ్రాములని ఉండొచ్చు. మొదటిది 150, రెండోది 145 అనుకోండి. కిలో లెక్కన మొదటిది 165, రెండోది దాదాపు 171. అయిదు రూపాయలు మిగిలాయనుకుంటాం, నిజానికి కిలోకి ఆరు రూపాయలు ఎక్కువిచ్చాం. ప్యాకెట్ మీద గ్రాము ధర వేస్తున్నారు కదా అంటారా? అది ఎమ్మార్పీ మీద కట్టిన లెక్క. షాపువాడు తగ్గించి అమ్మితే అది పనికిరాదు, ఫోన్‌లో మీరే భాగించుకోవాలి.

కూరగాయల్లో తిప్పలు వేరు. ఎర్రగడ్డ రైతుబజార్‌లో ధరల బోర్డు చూసుకుని, టమాటా కిలో 20 అని రెండు కిలోలు తెస్తారు. బాగా పండినవైతే మూడోరోజుకి అర కిలో మెత్తబడి చెత్తబుట్టలో పడుతుంది. 40 పెట్టి తిన్నది కిలోన్నర, అంటే కిలో 26 రూపాయల 66 పైసలు. ఇంటి ముందు బండి మీద 25కి సరిపడా కొన్నా నయమే. రెండురోజుల్లో వండేవి పండినవి, మిగతావి దోరవి ఏరుకుంటే రైతుబజార్ లాభం నిలుస్తుంది.

అయిదు లీటర్ల నూనె క్యాన్ లెక్కలో చవకే. కానీ డబ్బా నిండుగా ఉంటే చెయ్యి కాస్త ధారాళమవుతుంది. నెలకు నాలుగు లీటర్లు వాడే ఇంట్లో అయిదూ అయిపోతుంటే ఆ క్యాన్ చవక కాదు. బిస్కెట్ల ఫ్యామిలీ ప్యాక్ సంగతీ ఇంతే.

ఇక అసలు విషయం. ఇంటర్‌లో సీఈసీ చదివినవాళ్లు సమోపాంత ప్రయోజన సూత్రం బట్టీపట్టి ఉంటారు. ఏ వస్తువు మీద పెట్టిన చివరి రూపాయైనా ఒకేలా ఉపయోగపడేలా డబ్బు పంచుకోవాలనే సూత్రమది. పరీక్ష అవగానే మరిచిపోయే ఆ పాఠం వంటింట్లో బాగా పనికొస్తుంది. ఏ వస్తువు ముఖ్యం అని అడిగితే అన్నీ ముఖ్యమే. ఒక్కోదాని మీద పెట్టే చివరి వంద తీసేస్తే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది అని అడగండి. రోజుకు మూడు అరలీటరు పాల ప్యాకెట్లు వస్తున్నాయనుకుందాం. మొదటిది పిల్లలకు, రెండోది పెరుగుకు, మూడోది సాయంత్రం రెండోసారి టీకి. ప్యాకెట్ 28 వేసుకుంటే ఆ మూడోదానికి నెలకు 840. గుడ్డు 7 చొప్పున అదే డబ్బుకు 120 గుడ్లు, నలుగురికీ రోజుకొకటి. పాలు మానమని కాదు, మూడో ప్యాకెట్ గురించే మాట. ఒక నెలంతా కొన్నవన్నీ రాసి, ఇలా వంద వంద జరిపి చూడండి. ఒకేసారి రెండుమూడు వస్తువులు మారిస్తే ఏది మార్చినందుకు ఇబ్బంది వచ్చిందో తెలియదు.

ప్రశ్న: ఫ్రిజ్ కొనాలి. త్రీ స్టార్ 18,000. ఫైవ్ స్టార్‌కి ఇంకో 4,000 అంటున్నారు, కరెంటులో వచ్చేస్తుందట. జీరో వడ్డీ ఈఎంఐ కూడా ఉందంటున్నారు.
– కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్టార్లు పక్కన పెట్టి, లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో చూడండి. పెద్ద ఫైవ్ స్టార్ చిన్న త్రీ స్టార్ కన్నా ఎక్కువ కాల్చొచ్చు. పైగా స్టార్ల కొలమానాన్ని అప్పుడప్పుడు కఠినం చేస్తుంటారు, పాత లేబుల్ ఫైవ్ స్టార్‌ని కొత్తదానితో పోల్చొద్దు. రెంటికీ తేడా ఏడాదికి 72 యూనిట్లు అనుకుంటే నెలకు ఆరు. మీకు గృహజ్యోతి కింద (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) జీరో బిల్లు వస్తూ, నెల వాడకం 120 దగ్గరే ఉంటే ఆ ఆరు యూనిట్ల వల్ల మీ జేబులో మిగిలేది సున్నా. ఎండాకాలం కూలర్‌తో 195కి చేరే ఇల్లైతే మాత్రం కథ మారుతుంది. 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. అక్కడ ఆరు యూనిట్లే ఆ నెల బిల్లును కాపాడొచ్చు.

ఈఎంఐకి ఒప్పుకునే ముందు “క్యాష్‌కి ఎంతిస్తారు?” అని అడగండి. 17,000కి ఇస్తానంటే, ఆరు నెలల పాటు 3,000 చొప్పున కట్టి, పైన ముందే 200 ప్రాసెసింగ్ ఫీజు ఇవ్వడమంటే 1,200 అదనం. నెలనెలా అసలు తగ్గుతుంది కాబట్టి అది ఏడాదికి సుమారు 24 శాతం వడ్డీ. బోర్డు మీద మాత్రం సున్నా అనే ఉంటుంది.

ప్రశ్న: బేగంబజార్ దాకా వెళ్తే గిట్టుబాటవుతుందా?
– దిల్‌సుఖ్‌నగర్ పాఠకురాలు

జవాబు: వెళ్లేటప్పుడు ఆర్డినరీ బస్సులో ఆడవాళ్లకు ఉచితమే కాబట్టి మీకు టికెట్ ఖర్చు లేదు. బరువుతో తిరిగొచ్చే ఆటోనే ఖర్చు. దానికి 150 అయితే, కిలోకి పది మిగిలేచోట 15 కిలోలు కొంటేనే చెల్లుకి చెల్లు. అందుకే నెల సరుకులకు వద్దు, ఏడాదికి సరిపడా ఎండుమిర్చి, పసుపు, చింతపండుకి వెళ్లండి. చింతపండు గింజతో కొంటే సుమారు మూడో వంతు గింజ బరువే. గింజతో కిలో 100 అయితే, గింజ తీసినది 150 లోపు దొరికితే అదే తీసుకోండి. కొత్త పండు తడిగా బరువు తూగుతుంది, నొక్కితే వేళ్లకి అంటుకునేది వద్దు.