గేటు బోర్డు కాదు, లాగ్‌బుక్ చూడండి

"మా ప్లాంట్ సేఫ్టీ కల్చర్ ఏ దశలో ఉందో కన్సల్టెంట్ లేకుండా తెలుసుకోగలమా?" అని అడిగారు. బ్రహ్మాండంగా తెలుసుకోవచ్చు. సేఫ్టీ కల్చర్ ఎంత ఎదిగిందో మెట్లుగా చెప్పే పద్ధతులున్నాయి: బ్రాడ్లీ కర్వ్‌లో నాలుగు మెట్లు, హడ్సన్ నిచ్చెనలో అయిదు. వాటి పేర్లు బట్టీపట్టినా ఒరిగేదేమీ లేదు. చెడు కబురు మోసుకొచ్చినవాడికి ఏ గతి పడుతుందో చూస్తే చాలు.

నేను మెయింటెనెన్స్‌లో చేరిన కొత్తలో, కూలింగ్ వాటర్ పంపు బేరింగ్ శబ్దం చేస్తోందని సీనియర్ ఆపరేటర్ ఒకాయన వరసగా మూడు రోజులు లాగ్‌బుక్‌లో రాశారు. "షట్‌డౌన్‌లో చూద్దాంలే" అన్నారు పైవాళ్లు. నాలుగో రోజు రాత్రి బేరింగ్ పట్టేసింది. మోటారునీ పంపునీ కలిపే కప్లింగ్ విరిగి, ఒక ముక్క హెల్పర్ చెవి పక్కనుంచి దూసుకెళ్లి గోడకు తగిలింది. కప్లింగ్ మీద గార్డు ఉండాలి కదా? అంతకుముందు అలైన్‌మెంట్ (మోటారు, పంపు షాఫ్టుల్ని ఒకే వరసలోకి తేవడం) చేసినప్పుడు విప్పి, మూలన పెట్టి, మర్చిపోయారు. మర్చిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

తెల్లారేసరికి పంపు తిప్పాం. రాత్రంతా కష్టపడ్డామని మాకు ప్రశంసాపత్రాలిచ్చారు. మూడుసార్లు రాసిన ఆయన్ని మాత్రం "అంత సీరియస్ అయితే ఫోన్ చెయ్యొచ్చుగా?" అని నిలదీశారు. నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) రిపోర్టు రాస్తానంటే "ఎవరికీ దెబ్బ తగల్లేదుగా, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు మా సూపర్‌వైజర్. గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' బోర్డు మీద మర్నాడు ఇంకో అంకె పెరిగింది.

ఆ బోర్డులంటే నాకు ఒళ్లుమంట. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు రిఫైనరీ పేలుడులో 15 మంది చనిపోయారు. గాయాల లెక్కలు తగ్గుతున్నాయి కాబట్టి అంతా బాగుందనుకుంది అక్కడి యాజమాన్యం. తీరా చూస్తే టవర్ నిండిపోతుంటే మట్టం తగ్గుతున్నట్టు చూపించింది మీటరు. పైనున్న అలారం మోగనే లేదు. రెండూ రిపేరు చెయ్యాల్సినవే. రిపేర్లు వేరు, సేఫ్టీ వేరు అనేవాళ్లు ఇది చదవాలి.

మనిషికి నెలకు రెండు నియర్ మిస్‌లు రాయాలని కోటా పెట్టే చోట్ల ఇంకా ఘోరం. నెలాఖరున అందరికీ ఒకేసారి నేల తడిగా కనిపిస్తుంది.

ఆ ఆపరేటర్ ఆ తర్వాత అన్ని పంపులకూ 'నార్మల్' అనే రాసేవారు. అందుకే చెప్తున్నా, ఆరు నెలల లాగ్‌బుక్కులు తెప్పించండి. చెడిపోయిన ప్రతి మెషీన్‌కీ ముందురోజు పేజీ తిరగెయ్యండి. అక్కడ కూడా 'నార్మల్' అనే ఉంటే, మీరింకా కింది మెట్టు మీదే ఉన్నారు.